నవ్వేది నేను కాదు

మా నాయన శవం దగ్గర నా భార్య నవ్వింది. ఈ ఒక్క మాట చెప్పి నేను చాలా నెలలపాటు చాలామంది జాలి సంపాదించుకున్నాను. బెల్లం మండీలో, బస్సుల్లో, పెళ్ళిపందిళ్ళలో ఎవరు విన్నా "అయ్యో" అనేవాళ్ళు. ఆ అయ్యో నాకే గాని ఆమెకు కాదు. ఇన్నేళ్ళ తర్వాత ఆ సంగతినే మళ్ళీ చెప్పాలని కూర్చున్నాను. ఈసారి జాలి కోసం కాదు. నిజానికి దేనికోసమో నాకే సరిగ్గా తెలియదు. చెప్పకుండా మోసుకు తిరిగి అలసిపోయాను, అంతే.

అవి డెబ్బైల చివరి రోజులు. చిత్తూరు బెల్లం మండీలో రైతులు తెచ్చిన సరుకు చూసి అది ఏ రకమో చెప్పడం నా పని. ముద్ద పగలగొట్టి లోపలి రంగు చూడందే నోరు తెరిచేవాణ్ణి కాను. పైకి బంగారంలా మెరిసి లోపల మసిబారిన సరుకు ఎంతో చూశాను. ఇంటికి వచ్చేసరికి ఆ ఓపిక ఉండేది కాదు.

ఇంట్లో ముగ్గురం. నేను, నా భార్య, నడుము విరిగి మంచాన పడ్డ మా నాయన. అమ్మ ఎప్పుడో పోయింది. మాకు పిల్లలు లేరు. నా భార్యది చంద్రగిరి దగ్గర పల్లె, చెనక్కాయలు, అదే వేరుశనగ, సేద్యం చేసే ఇల్లు. పెళ్ళయిన కొత్తలో ఆమె నడిస్తే వెనక నేను పరుగెత్తాల్సి వచ్చేది. మాట కూడా అంత చురుకు. మా నాయన ఆమెను "సూదిమందు" అని పిలిచేవాడు. "వచ్చెరా సూదిమందు, ఇంక నాకు నొప్పి ఉండదు" అనేవాడు. రెండేళ్ళు ఆయనకు అన్నం తినిపించింది, ఒళ్ళు తుడిచింది, పక్క మార్చింది. కొడుకుగా నేను చేసింది మంచం పక్కన నిలబడి "ఎట్లుండావు నాయనా" అని అడగడం.

ఆయన పోవడానికి ఏడాది ముందునుంచే ఆమెలో ఏదో మారుతూ వచ్చింది. మొదట ఒక కన్ను. ఎడమ కంటికి అంతా పొగలోంచి చూసినట్టు ఉందని చెప్పింది. పొయ్యి ముందు కూర్చునేదానికి పొగ కాక ఇంకేం కనిపిస్తుందని నేను అన్నాను. నెల తిరిగేసరికి చూపు దానంతటదే సర్దుకుంది. చూశావా, నేను చెప్పలేదా అన్నాను. తర్వాత కాళ్ళు. "గోనెపట్ట సుట్టుకోని నడస్తా ఉన్నట్టుండాది" అంది. పొద్దున పదింటికే అలసిపోయి గోడకు చేరగిలబడేది. చెంబులు చేతిలోంచి జారేవి.

వీటన్నిటికన్నా నాకు విసుగు పుట్టించింది ఆమె మౌనం. అంత మాటకారి గంటలకొద్దీ ఒకేచోట కూర్చునేది.

"ఏమే, ఎవురన్నా ఏమన్నా అన్న్యారా?" అని ఒకరోజు అడిగాను.

"ఎవురూ ఏమీ అన్లేదు."

"మరెందుకట్లా కూసోనుండావు?"

"ఏమో. పొద్దన్నే లేస్తానే, ఎందుకు లేచినానా అనిపిస్తాది."

"పని తక్కువైతే అట్లే అనిపిస్తాది" అన్నాను నేను. ఆ మాట అని చెప్పులేసుకుని మండీకి పోయాను.

మా నాయన ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయాడు. శవాన్ని వసారాలో పడుకోబెట్టారు. నాయుడుపేట నుంచి మా మేనత్త, అంటే నాయన చెల్లెలు, మధ్యాహ్నానికి వచ్చి అన్న కాళ్ళమీద పడి ఏడ్చింది. ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చున్నారు. నా భార్య తలాపున కూర్చుని ఆయన నుదుటిమీద ఈగలు తోలుతోంది. ఉన్నట్టుండి ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. తల ఎత్తింది. నవ్వుతోంది.

చిన్న నవ్వు కాదు. నోరంతా తెరుచుకుని, ఊపిరి అందకుండా. కొంగు నోట్లో కుక్కుకుంది. ఆగలేదు. ఏడ్చేవాళ్ళు ఒక్కొక్కరే ఏడుపు ఆపి ఆమె వైపు చూశారు. ఆమె కళ్ళు మాత్రం నవ్వడం లేదు. అవి నావైపే చూస్తున్నాయి. నీళ్ళలో మునిగేవాళ్ళు ఒడ్డు వైపు చూసినట్టు చూశాయి. అది నేను అప్పుడు చూశాను. చూడలేదని ఇంతకాలం చెప్పాను గాని, చూశాను.

"ఏందే అది? నీకు అన్నం పెట్టిన మనిషి ఆడ పండుకోనుంటే నీకు నవ్వెట్ల వస్తాది?" అని మా అత్త అరిచింది.

"నేను కాదు చిన్నమ్మా" అంది నవ్వు మధ్యలోనే. "నవ్వేది నేను కాదు."

"నువ్వు కాకుంటే ఇంకెవురే?"

ఎవరో మెల్లగా "గాలి" అన్నారు. మా వైపు దయ్యం పట్టిందనే మాటను అంత సూటిగా అనరు, గాలి సోకిందంటారు. నేను లేచి ఆమె చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను. ఒక దెబ్బ కూడా వేశాను. చింతపండు నిలవచేసే వెనక గదిలోకి తోసి బయట గొళ్ళెం పెట్టాను. లోపల కాసేపు నవ్వు వినిపించింది, తర్వాత అదే ఏడుపుగా మారింది, తర్వాత ఏమీ లేదు.

చావు డప్పులు, పలకలు మోగాయి. నాయనను లేపారు. ఆయనకు చివరి ముద్ద పెట్టిన మనిషి ఆయన గడప దాటడం చూడలేదు. శ్మశానం నుంచి వచ్చాను, స్నానం చేశాను, పక్కింటివాళ్ళు పంపిన అన్నం తిన్నాను. దీపాలు పెట్టే వేళకు మా అత్త "నీ పెండ్లాం యాడ?" అని అడిగేదాకా నాకు ఆమె గుర్తే లేదు. కోపంతో గొళ్ళెం పెట్టడం ఒక తప్పు. మరిచిపోవడం దానికన్నా పెద్దది. తలుపు తీస్తే చింతపండు బుట్టల మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. "మామను తీసకపోయినారా?" అని మాత్రం అడిగింది.

తర్వాత ఆ నవ్వు వారానికి మూడు నాలుగుసార్లు వచ్చేది. చెనక్కాయలు వొలుస్తుంటే, వీధిలో కుక్క అరిస్తే, ఎవరైనా చావు కబురు చెబితే. ఒక్కోసారి కారణం లేకుండా ఏడుపు. ప్రతిసారీ ఆమె చెప్పేది ఒకటే. నవ్వేది నేను కాదు. ఏడ్చేది నేను కాదు. లోపల నాకేం లేదు, మొగమే అట్లా అయిపోతా ఉండాది. ఆ మాట నమ్మేవాడు ఇంట్లో ఒక్కడున్నా ఆమె కథ వేరుగా ఉండేది. కాని మాకు ఆ మాటే సాక్ష్యమైపోయింది. ఆమే ఒప్పుకుంటోంది కదా, నవ్వేది వేరే ఎవరో అని!

మా అత్త పదకొండో రోజు తర్వాత కూడా ఉండిపోయింది. దగ్గరి పల్లెలో గాలి తీసే ముసలమ్మ ఉందంటే ముగ్గురం పోయాం. ముసలమ్మ వేపమండ చేత్తో పట్టుకుని నా భార్య ముందు కూర్చుంది.

"ఎవురు నువ్వు?"

నా భార్య తన పేరు చెప్పింది.

"నీ పేరు కాదు. లోపల నవ్వేదాని పేరు చెప్పు."

"తెలిస్తే నేనే తరిమేసుందును కదమ్మా, నీ దాకా ఎందుకొస్తాను" అంది నా భార్య. ఆ మాటకు ముసలమ్మే నవ్వింది. మా అత్త నవ్వలేదు.

ముసలమ్మ చెప్పిన వైద్యం తేలిక. మంగళవారం, శుక్రవారం తలనిండా ఆముదం పెట్టి, తట్టుకోగలిగినంత వేడినీళ్ళు పొయ్యాలి. వేడికి లోపలిది నిలవలేక పారిపోతుంది. మాకు అది కొత్తగా అనిపించలేదు. తల వేడెక్కితే తలంటు పోయడం మా ఇళ్ళలో ఉన్నదే. పిచ్చి కూడా ఒక వేడే అనుకునేవాళ్ళం. వేడి తియ్యడానికి వేడినీళ్ళేమిటని ఎవరూ అడగలేదు.

నీళ్ళు నేనే పోశాను. మా అత్త పాత్ర బరువు ఎత్తలేదు. కాగులో నీళ్ళు మసలకాగేవి. కాసిని చన్నీళ్ళు కలిపి, చెంబుతో ఆమె నడినెత్తిన పోసేవాణ్ణి. రెండో చెంబుకే ఆమె భుజాలు ముడుచుకునేవి. పది చెంబులయ్యేసరికి చూపు మసకబారిందని చెప్పేది. లేవబోతే కాళ్ళు నిలిచేవి కావు. నేను, మా అత్త చెరో రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చి చాపమీద పడుకోబెట్టేవాళ్ళం. రెండు గంటలు గడిచాక మళ్ళీ లేచి నడిచేది.

"సూడరా, వేడికి లోపలిది ఎట్ల గిలగిలలాడతా ఉండాదో" అనేది మా అత్త.

"వేన్నీళ్ళు పోసినప్పుడే నాకు కాళ్ళు పడిపోతా ఉండాయి. చన్నీళ్ళు పొయ్యండి, మీకు దండం పెడతాను" అని ఆమె ఒకసారి నన్ను వేడుకుంది. చన్నీళ్ళడిగేది ఆమె కాదు, లోపలిది అని మా అత్త చెప్పింది. నేను ఇంకో చెంబు పోశాను.

మా అత్తను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆమె తనకు తెలిసింది చెప్పింది. ఆమెకు పెళ్ళి కావలసిన చిన్న కూతురుందన్న సంగతీ దాచను. నేను మేనరికం వద్దని చంద్రగిరి సంబంధం చేసుకున్నందుకు ఆమెకు ఎప్పటినుంచో బాధ. "పిచ్చిదని పెద్ద డాక్టరు కాయితం రాసిస్తే కోర్టులో విడిపిస్తారంట" అని ఆమె నెమ్మదిగా అంది. నేను కాదనలేదు. ఔననీ అనలేదు. అనకుండా ఉండడమే నా పద్ధతి. పని మాత్రం జరిగిపోతుంది.

మా మామకు, అంటే ఆమె నాయనకు, ఉత్తరం రాశాను. మీ అమ్మాయికి మతి చెడింది, వచ్చి తీసుకుపోండి అని. అందులో ఆమె మాట కూడా రాశాను. నవ్వేది తాను కాదని ఆమే చెబుతోంది అని.

ఆయన వచ్చింది ఒక శుక్రవారం. నేను చేతిలో చెంబుతో ఉన్నాను. పంచె పైకి కట్టుకుని దొడ్డి గుమ్మంలో నిలబడి, కూతురు కాళ్ళు తేలేయడం అంతా చూశాడు. నేను గొడవకు సిద్ధంగా ఉన్నాను. ఆయన గొడవ పడలేదు. వచ్చి కాగులో వేలు ముంచి వెంటనే తీసుకున్నాడు.

"ఏమప్పా, కోడిని గూడా సచ్చినాంకనే గదా ఈ నీళ్ళలో ముంచేది" అన్నాడు.

తువ్వాలుతో కూతుర్ని తుడుస్తూ, "రేప్పొద్దన్నే వేలూరికి తీసకపోతా ఉండాను. నువ్వు వస్తే రా, లేకుంటే లే" అన్నాడు.

నేను పోయాను. ఎందుకు పోయానో రాయకపోతే ఇదంతా అబద్ధమవుతుంది. కాగితం కోసం పోయాను.

వేలూరు ఆసుపత్రిలో రెండు రోజులు వరండాల్లో కూర్చున్నాక నరాల డాక్టరు దగ్గరికి పంపారు. నడివయసు మనిషి, అరవం కలిసిన తెలుగు. ఆమె మోకాళ్ళమీద చిన్న సుత్తితో కొట్టాడు. అరికాలిమీద తాళంచెవితో గీశాడు. కళ్ళు మూసుకుని నిలబడమంటే ఆమె పక్కకు ఒరిగింది. నేను కల్పించుకుని, ఇదంతా కాదండీ, అసలు సంగతి మతి అని చెప్పాను. శవం దగ్గర నవ్విన కథ మొత్తం చెప్పాను. చివర్న, "నవ్వేది తాను కాదని తనే అంటాది సార్" అని ముగించాను. ఇంక కాగితం రాయడమే మిగిలిందన్నట్టు.

డాక్టరు కలం కింద పెట్టాడు. ఆమె వైపు తిరిగాడు.

"అట్లా చెప్పినావా అమ్మా? కొంచెం వివరంగా చెప్పు."

అంతకాలంలో ఆమెను ఆ ప్రశ్న అడిగినవాడు లేడు. ఆమె మెల్లగా చెప్పింది. "మనసులో నాకేం నవ్వుండదు సార్. ఒకోసారి ఏడుపే ఉంటాది. మొగం మాత్రం దానంతటదే నవ్వేస్తాది. ఆపాలంటే ఆగదు. ఎక్కిళ్ళు వస్తే ఆపలేం గదా, అట్లా."

"సరిగ్గా చెప్పినావు. నవ్వేది నువ్వు కాదు" అన్నాడు డాక్టరు.

నా భార్య చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు మాత్రం ఆమెదేనని నాక్కూడా తెలిసింది.

కొద్దిసేపటికి ఆయన, "వేడినీళ్ళు పోసుకుంటే ఎట్లా ఉంటాది?" అని అడిగాడు. ఆమె నావైపు చూసింది. మామ నేల చూపులు చూస్తున్నాడు. చెప్పాల్సింది నేనే. చూపు మసకబారుతుంది, కాళ్ళు పడిపోతాయి, రెండు గంటలకు సర్దుకుంటుంది అన్నాను.

"మీకు అంత బాగా ఎట్లా తెలుసు?"

"నేనే పోస్తాను సార్."

ఆయన అది రాసుకున్నాడు.

ఇరవై రోజులు ఉంచుకున్నారు. వెన్నులోంచి నీళ్ళు తీశారు. జబ్బు పేరు ఇంగ్లీషులో రాసిచ్చారు, మల్టిపుల్ స్క్లెరోసిస్. కరెంటు తీగమీద రబ్బరు తొడుగు ఉంటుంది కదా, నరాలమీదా అలాంటి తొడుగు ఉంటుందని, ఈ జబ్బులో అది అక్కడక్కడా దెబ్బతింటుందని డాక్టరు చెప్పాడు. కంటి నరం దగ్గరైతే చూపు, వెన్నులో అయితే కాళ్ళు, మెదడులో అయితే నవ్వు, ఏడుపు, దిగులు. ఒంట్లో వేడి పెరిగితే ఆ దెబ్బతిన్న నరాలు ఇంకా మొరాయిస్తాయి. దయ్యమూ కాదు, పిచ్చీ కాదు. నయం కాదు, కాస్త కుదుటపడుతుంది, మళ్ళీ వస్తుంది. ఆమె ఊరికే కూర్చునే రోజుల గురించి అడిగి, "చచ్చిపోదామని ఎప్పుడైనా అనిపించిందా అమ్మా?" అన్నాడు. ఆమె తలూపింది. ఒకే కప్పు కింద ఉంటూ నాకది తెలియదు. ఎందుకు లేచానా అనిపిస్తుందని ఆమె చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది.

ఇదంతా విన్నాక కూడా నేను ఇంటికి పంపే రోజున డాక్టరును పక్కకు పిలిచి అడిగాను. "మరి కాయితం ఏమన్నా ఇస్తారా సార్? మతి సరిగా లేదని?" ఆయన ఇయ్యలేనన్నాడు. ఆమె గుమ్మం దగ్గరే ఉంది. విన్నది.

బస్సు చిత్తూరు దగ్గరపడుతుండగా ఆమె నావైపు తిరిగి, "అంతదూరం వచ్చినారు గదా, నాకియ్యకుంటే మీ పేరుమీదన్నా ఒకటి అడిగి రాపిచ్చుకోవాల్సింది" అంది. మామ ఫక్కున నవ్వాడు. ఏడాదిన్నర తర్వాత నా సూదిమందు మాట మళ్ళీ విన్నాను. సంతోషించాల్సింది. నాకు ఒళ్ళు మండింది. చిత్తూరులో నేను దిగిపోయాను. వాళ్ళిద్దరూ అదే బస్సులో చంద్రగిరి వైపు పోయారు. ఆగమని నేను అనలేదు.

నెలలు గడిచాయి. ఒక ఉత్తరం వచ్చింది. ఆమె అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. ఇందులోవి గీత దిగి, గీత ఎక్కి, ఒకదానిమీద ఒకటి పడిపోతున్నాయి. "మామ సంవత్సరీకం వస్తా ఉండాది. ఆయన పోయేది నేను చూడలేదు. దినానికన్నా రానియ్యండి. నవ్వొస్తే నేనే లేచి వెనక గదిలోకి పోతాను. గొళ్ళెం కూడా పెట్టుకోండి."

చివరి మాట నేను మండీలో నిలబడి చదివాను. ఎదురుగా ఎవరో పగలగొట్టిన బెల్లం ముద్ద రెండు చెక్కలుగా పడి ఉంది. మర్నాడు పొద్దున్నే చంద్రగిరి బస్సెక్కాను. వెనక గది తలుపుకు ఉన్న గొళ్ళెం పీకేసి మరీ పోయాను. అదేదో పెద్ద పని చేసినట్టు అనుకున్నాను. ఆమె ఆ తలుపు ఒకసారి చూసి వంటింట్లోకి పోయింది.

సంవత్సరీకం నాడు పిండాలు పెడుతుండగా నవ్వు వచ్చింది. డాక్టరు ఇచ్చిన మాత్రలతో తగ్గింది గాని పోలేదు. ఆమె గోడ పట్టుకుని లేవబోయింది. నేను దర్భ కట్టిన చేత్తోనే ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. పురోహితుడు మంత్రం ఆపేశాడు. అందరూ చూస్తున్నారు.

"నవ్వేది ఆమె కాదు" అన్నాను.

మా అత్త చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "ఓరి నాయనా! నీకు గూడా పట్టిందా?"

ఆ మాటకు పురోహితుడు దగ్గు నటించాడు. నా భార్య నవ్వు ఇంకా పెరిగింది. అందులో కొంత ఆమెదే అనుకుంటాను. ఆమె నవ్వినంతసేపూ ఆగి, తర్వాత మిగతా మంత్రాలు చెప్పించుకున్నాం. మా అత్త ఆ సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయింది. ఆ ఏడే కూతురికి వేరే సంబంధం చేసింది.

ఇక్కడితో ఆపితే బాగుంటుంది. కాని ఎనభైల నడిమికి ఆమె నడక పూర్తిగా పోయింది. నాయన పడుకున్న మంచంమీదే పడుకుంది. జ్ఞాపకం కూడా కొంచెం కొంచెంగా తగ్గింది. దిగులు పోయి, దాని స్థానంలో ఏదో అర్థంకాని సంతోషం వచ్చింది. నడవలేదు, చెయ్యి వణుకుతుంది, ఎలా ఉన్నావంటే "నాకేం, బాగుండాను" అంటుంది. ఆ సంతోషం కూడా జబ్బులో భాగమేనని, ముదిరినప్పుడు కొందరికి అలా వస్తుందని వేలూరు డాక్టరు చెప్పాడు.

క్షమించమని అడగడానికి నాకు అన్నేళ్ళు పట్టింది. ఒక మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని గది సంగతి, గొళ్ళెం సంగతి, కాగితం సంగతి చెప్పాను. ఆమె శ్రద్ధగా వింది.

"ఏ గది?" అంది.

"చింతపండు గది. నాయన పోయిన దినం."

"మామ పోయినాడా? పాపం." నవ్వి, "పోనీలే, నువ్వేం చేస్తావు" అంది. అదివరకెప్పుడూ నన్ను నువ్వు అనలేదు.

ఎవరైనా దాన్ని క్షమాపణ అనుకోవచ్చు. నేను అనుకోలేకపోయాను. ఆ నవ్వు ఆమెదో కాదో చెప్పగల స్థితిలో అప్పటికి ఆమె కూడా లేదు. తనది కానిదేదో తెలిసినన్నాళ్ళూ చెబుతూనే ఉంది. వినాల్సినప్పుడు నేను వినలేదు.

రోజూ నేనే స్నానం చేయించేవాణ్ణి, చన్నీళ్ళతో. గది మరిచిపోయింది, ముసలమ్మను మరిచిపోయింది, మా అత్తను మరిచిపోయింది. నేను చెంబు ఎత్తగానే మాత్రం ఆమె భుజాలు ముడుచుకునేవి. మొహం నవ్వుతూనే ఉండేది, భుజాలు ముడుచుకునేవి. చల్లనివే అని ఎన్నిసార్లు చెప్పినా అంతే. అందుకని చెంబు కింద పెట్టి, ముందు ఆమె చెయ్యి పట్టుకుని బకెట్లో ముంచేవాణ్ణి. వేళ్ళు నీళ్ళలో కాసేపు ఆడించి, "చల్లంగుండాయి" అనేది. అప్పుడు పోసేవాణ్ణి. మర్నాటికి అదీ మరిచిపోయేది. మళ్ళీ చెయ్యి పట్టుకుని ముంచేవాణ్ణి.